గోడ చూపిస్తామన్నారు

"రేపు గోడకి వెళ్తున్నాం, నువ్వు ఏ పనీ ముట్టుకోవద్దమ్మా, రేపు నీ రోజు" అన్నాడు మా అబ్బాయి చంగ్‌హాయ్, ఇంకాస్త అన్నం పెట్టమని గిన్నె నా చేతికిస్తూ. అందుకని తెల్లారకముందే లేచాను. నా రోజుకి కావలసినవన్నీ ఎవరో ఒకరు సర్దాలి కదా మరి. గుడ్లు ఉడకబెట్టాను. సాయంత్రమే కలిపి ఉంచిన పిండితో ఆవిరి బన్నులు చేశాను. కీరకాయలు మనవరాలు లెలెకి తొక్క తీసి, కోడలు సివెన్‌కి తొక్కతో (బలమంతా తొక్కలోనే ఉంటుందట), అబ్బాయికి చితక్కొట్టి వెల్లుల్లి కలిపి, వేరు వేరు డబ్బాల్లో పెట్టాను. ఫ్లాస్కుల నిండా వేణ్ణీళ్ళు పోశాను. లెలెకి కారెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి కవర్లు, మార్చడానికి ఇంకో జత బట్టలు, తడి కాగితాలు, కూర్చోడానికి చాప. అన్నీ అయ్యాక చూసుకుంటే నేనింకా పళ్ళే తోముకోలేదు. అప్పుడు సివెన్ గదిలోంచి వచ్చి, "అయ్యో అమ్మా, ఇవన్నీ ఎందుకు చేశారు, అక్కడ కొనుక్కునేవాళ్ళం కదా" అంది. కిందటేడు పార్కుకి ఉత్త చేతులతో వెళ్తే "బయటి నూనెలు పిల్లకి పడవని మీకు తెలుసుగా" అన్నది కూడా ఆ నోరే. మా వైపు కోడళ్ళు అత్తగారిని అమ్మా అనే పిలుస్తారు. పిలుపుకేం, ఖర్చులేనిది.

మాది శిన్‌శియాంగ్. లెలె పుట్టిన నెలకి ఒక సంచీ పట్టుకుని బీజింగ్ వచ్చాను. సివెన్ ఆఫీసుకి అలవాటు పడేదాకా, ఓ మూడు నెలలు ఉండమన్నారు. ఆరేళ్ళయింది. మా అపార్టుమెంట్ల కింద పిల్లల్ని ఆడించుకుంటూ కూర్చునే ఆడవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఒకావిడది హార్బిన్, ఒకావిడది సిచువాన్, ఒకరి యాస ఒకరికి సగమే అర్థమవుతుంది. ఎవరికీ పేర్లు లేవు. నేను లెలె నానమ్మని, ఇంకొకావిడ దోదో అమ్మమ్మ, మరొకావిడ కవలల నానమ్మ. దోదో అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళి అక్కడే పోయింది. ఎవరో ఫోన్‌లో ఫొటో చూపిస్తే, పూలచక్రం మీద రిబ్బనులో రాసి ఉన్న పేరు అందరం నోట్లో నోట్లో చదువుకున్నాం. నాలుగేళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని చిక్కుళ్ళు వలిచిన మనిషి. ఆవిడ పేరు అంత బావుంటుందని ఎవరికీ తెలియదు.

ఇంట్లో నేనేమీ తిండికీ బట్టకీ మొహం వాచిపోలేదు, అబద్ధం చెప్పకూడదు. కొట్టేవాళ్ళూ తిట్టేవాళ్ళూ లేరు. అంతా నెమ్మదిగానే చెబుతారు. అదే నా బాధ. "అమ్మా, ఈ ఉప్పు మీకు సరిపోతుంది, పిల్లకి ఎక్కువ." "అమ్మా, పిల్లని అలా ఎత్తుకు తిప్పితే స్వతంత్రం రాదట." "అమ్మా, మీ కాలంలో అలా చేసేవాళ్ళు." హాల్లో అల్మరా మీద పిడికిలంత తెల్ల కెమెరా ఒకటి పెట్టారు, ఆఫీసు నుంచి లెలెని చూసుకోవడానికి. పిల్లని చూసుకుంటారు, సరే, నేనూ ఆ గదిలోనే ఉంటానుగా. ఒకరోజు మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోన్‌లో నాటకం పాట వింటున్నాను. అల్మరా మాట్లాడింది. "అమ్మా, సౌండు తగ్గించండి, లెలె లేస్తుంది." కెమెరాలోంచి సివెన్ గొంతు. ఆ తరవాత నుంచి మధ్యాహ్నాలు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటున్నాను. అక్కడ కెమెరా లేదు.

ఇక ఈ గోడ సంగతి, అదే, లోకమంతా చెప్పుకునే మా చైనా గోడ. ఆరేళ్ళుగా వచ్చే సెలవల్లో, వచ్చే సెలవల్లో అంటూనే ఉన్నారు. కార్లో రెండు గంటల దారి. చైనాలో పుట్టి, బీజింగ్‌లో ఉండి, గోడ చూడని దాన్ని నేనేనేమో. ఊళ్ళో చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా "గోడెక్కావా?" అని అడుగుతారు, నేను "మోకాళ్ళు నొప్పులు" అంటాను. ఇంతలో నెల రోజుల కిందట, లెలెని ఒకటో తరగతిలో వేసిన వారానికి, భోజనాల దగ్గర చెప్పేశాను. పిల్ల బళ్ళో పడింది, అక్టోబరు సెలవలయ్యాక నేను వెళ్ళిపోతాను అని. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు చంగ్‌హాయ్ నాకు ఊరికే, ఏ పండగా లేకుండా, మెత్తటి బూట్లు కొనుక్కొచ్చాడు. ఆ వారంలోనే గోడ మాటెత్తాడు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు. మా అబ్బాయి చిన్నప్పుడు కూడా అంతే, గాజు గ్లాసు పగలగొట్టిన రోజున వచ్చి నా భుజాలు పిసికేవాడు.

నేను వెళ్ళేది మా ముసలాయన దగ్గరికని వాళ్ళనుకుంటున్నారు. ఆయనా అదే అనుకుంటున్నాడు. వారం వారం వీడియోలో "ఎప్పుడొస్తున్నావే? దుప్పట్లు ఎండ చూసి ఎన్నాళ్ళైందో" అంటాడు. ఆరేళ్ళలో మనిషి ఒక్కసారి బీజింగ్ రాలేదు, ఇక్కడి నీళ్ళు పడవట, పేకముక్కల జతగాళ్ళు లేరట. ఎండ ఆయన వాకిట్లో కూడా పడుతుంది కదా, దుప్పటి తీసుకెళ్ళి ఆరేస్తే ఎండేమన్నా కాదంటుందా? నేను ఆయన దగ్గరికీ వెళ్ళటం లేదు. షూలాన్ దగ్గరికి వెళ్తున్నాను. షూలానూ నేనూ నూలు మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశాం. ఇప్పుడది పాత మిల్లు వెనక సందులో టిఫిను కొట్టు నడుపుతోంది. నూనెలో పొంగే పొడుగు గారెలు, మిరియాల ఘాటుతో చిక్కటి చారు. కొట్లో ఇన్నాళ్ళూ దానికి జతగా ఉన్నావిడ తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కొట్టు మీద గదొకటి ఉంది, కిటికీ తీస్తే సందు మొత్తం కనిపిస్తుందట. "నువ్వొస్తావా చెప్పు గుయ్‌చిన్, సగం నీది, సగం నాది. సెలవలైపోయేదాకా చూస్తాను. ఆ పైన ఇంకొకర్ని పెట్టుకుంటాను, నీకోసం పొయ్యి ఆర్పుకుని కూర్చోలేను" అంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గుయ్‌చిన్ అన్న మాట చెవిలోనే ఉంది. నా పేరు సున్ గుయ్‌చిన్. చెప్పడం మరిచిపోయాను. అలవాటు తప్పింది.

కార్లో లెలె నా ఒళ్ళో తల పెట్టుకుని రెండుసార్లు కక్కుకుంది. ముందు సీట్లో సివెన్ కళ్ళు మూసుకుని కూర్చుంది, చంగ్‌హాయ్ మాటిమాటికీ పెళ్ళాం మొహం చూస్తూ కారు మెత్తగా నడుపుతున్నాడు. నేను కవరు ముడేసి, పిల్ల మూతి తుడిచి, కిటికీ కాస్త దించాను. కొండలు కనపడగానే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎందుకో తెలియదు, దిగి పరుగెత్తాలనిపించింది. అలాంటి వయసు కాదు నాది, అయినా అనిపించింది.

రద్దీ తక్కువని గూబెయ్‌కౌ అనే చోటికి తీసుకొచ్చాడు. అక్కడ గోడని బాగుచెయ్యలేదు, చాలాచోట్ల ఇటుకలు ఊడి మట్టి బయటపడి ఉంటుంది. అయినా సెలవలు కదా, కార్లు పెట్టే చోటే జాతరలా ఉంది. గోడ మొదట్లో ఒకతను రేగుపళ్ళలా పుల్లగా ఉండే ఎర్ర హా పళ్ళు, పుల్లలకి గుచ్చి పాకం పట్టినవి, అమ్ముతున్నాడు. సివెన్‌కి అవంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో పండక్కి మా ఊరొచ్చినప్పుడు రోజూ అవే తిని నాలుక కోసుకుపోతే మజ్జిగలాంటిది చేసిచ్చాను నేను. లెలె తన పుల్ల మీంచి ఒక పండు లాగి వాళ్ళమ్మ నోటి దగ్గర పెట్టింది. సివెన్ చూపు దాని మీదే ఉంది, గుటక కూడా వేసింది. కానీ మొహం తిప్పుకుని, "వద్దు తల్లీ, పళ్ళు జివ్వుమంటున్నాయి" అంది. చంగ్‌హాయ్ గబుక్కున ఆ పుల్ల అవతలికి లాగేసి నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూస్తున్నట్టు నటించాను.

ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? హా పండు తింటే కడుపు జారిపోతుందని మా ఆడవాళ్ళలో తెలియని వాళ్ళుండరు. నిజమో కాదో డాక్టర్లు చెప్పుకోనీ, ఏ కడుపుతో ఉన్న మనిషీ ముట్టుకోదు. ఇంకో సంగతి కూడా ఉంది. మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పకూడదు, చెబితే నిలవదు. అందుకని వాళ్ళు నాతో చెప్పరు, నేను వాళ్ళని అడగకూడదు. ఆ చెప్పకూడని మాటని మధ్యలో పెట్టుకుని అందరం గోడెక్కడం మొదలుపెట్టాం. చంగ్‌హాయ్ వాళ్ళావిడ మోచెయ్యి పట్టుకున్నాడు. లెలె నా చెయ్యి పట్టుకుంది. సంచులు నా భుజాన ఉన్నాయి. రెండోవాళ్ళు పుట్టబోతున్నారు. నాకు మొదట సంతోషమే. నా రక్తం కదా, రాదా మరి? వెంటనే లెక్క తెలిసింది. నెలలు నిండడం, పుట్టడం, పాలు మరవడం, బళ్ళో పడడం. అంటే ఇంకో ఆరేళ్ళు. అప్పటికి నేను అరవై దాటిపోతాను. అప్పుడు షూలాన్ కొట్టు ఉంటుందో, షూలానే ఉంటుందో.

నాకు కోపం వచ్చింది. అడిగి ఉంటే వేరే సంగతి. "అమ్మా, ఇదీ సంగతి, ఏం చేద్దాం?" అని కూర్చోబెట్టి అడిగితే నేనూ మనిషినే కదా, ఆలోచించేదాన్ని. అడగలేదు. బూట్లు కొన్నారు, గోడకి తీసుకొచ్చారు. దూడ కట్టుకి రావాలంటే గుప్పెడు గడ్డి చూపిస్తారే, అలా. ఆ కొత్త బూట్లు మెత్తగానే ఉన్నాయి కానీ మడమ దగ్గర ఒరుసుకుని మండుతోంది. చెబితే వాడు బాధపడతాడని చెప్పలేదు. చూడండి, అప్పుడు కూడా నేను వాడి బాధే చూస్తున్నాను.

ఎక్కుతూ ఎక్కుతూ ఒక విరిగిన బురుజు దగ్గర ఆగాం. గాలి దంచేస్తోంది. గోడ ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కి అలా పోతూనే ఉంది, కంటికి ఆగే చోటు లేదు. నిజం చెప్పాలంటే బాగుంది. నేను చాప పరిచి డబ్బాలు విప్పాను. నిలబడి చూద్దామని ఇంత దూరం వచ్చినదాన్ని, గుడ్ల పెంకులు ఒలుస్తూ కూర్చున్నాను. చంగ్‌హాయ్ ఒక ఇటుక మీద వేలు పెట్టి లెలెకి చూపించాడు. ఆ ఇటుక ఏ ఏట, ఏ దళం వాళ్ళు చేశారో అచ్చు వేసి ఉంది. పేరు వేస్తే పని చెడగొట్టరని అలా వేయించేవారట. ఆ ఇటుకలు కాల్చినవాళ్ళకి గంజి కాచినవాళ్ళ అచ్చు ఏ రాయి మీదైనా ఉందేమోనని నేను వెతికాను. నవ్వులాటకి కాదు, నిజంగానే కళ్ళతో వెతికాను.

అప్పుడు వాడు నా పక్కన కూర్చుని కీరకాయ నములుతూ మొదలుపెట్టాడు. ఈ గోడ కాపలా వాళ్ళు పెళ్ళాం పిల్లలతో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారట, కింద ఊళ్ళో ఉన్నది వాళ్ళ సంతతేనట. తండ్రి ముసలివాడైతే కొడుకు, కొడుకు తరవాత మనవడు, తరతరాలు అదే పని. "వాళ్ళకి రిటైర్మెంట్ అనేది లేదమ్మా" అన్నాడు. నాకు తెలుసు అన్నాను. వాడికి ఎక్కలేదు. ఇల్లు మారదామనుకుంటున్నామని, నాకు ఎండ వచ్చే గది ఇస్తామని, బాల్కనీలో నా ఇష్టం వచ్చిన మొక్కలు పెంచుకోవచ్చని చెప్పుకుపోయాడు. లెలె నేను లేకపోతే ఉండలేదన్నాడు. బయటి ఆయాని పెడితే పరాయి మనిషి, నమ్మలేమన్నాడు. "ఇంకొన్నాళ్ళే అమ్మా" అన్నాడు. ఎన్నాళ్ళని వాడు చెప్పలేదు. సివెన్ వాళ్ళమ్మని పిలవచ్చు కదా అని అడుగుదామనుకున్నాను, కానీ ఆవిడ తన కొడుకు కొడుకుని పెంచుతోంది. ఆవిడా ఎవరి హాల్లోనో కూర్చుని ఉండుంటుంది.

నేను మాట్లాడలేదు. వాడు దాన్ని సరే అనుకున్నాడు. నేను నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నదే. తేలికపడి లేచి, "అమ్మా, అక్కడ నిలబడు, ఫొటో తీస్తాను. నవ్వు" అన్నాడు. ఓ చేతిలో పెంకులు, ఓ చేతిలో ఫ్లాస్కుతో నిలబడ్డాను. ఆ ఫొటో అక్కడికక్కడే చుట్టాల గ్రూపులో పెట్టాడు, "అమ్మని గోడకి తీసుకొచ్చాం" అని. బొటనవేళ్ళు, పువ్వులు టకటకా వచ్చి పడ్డాయి. మా ముసలాయన కూడా పెట్టాడో బొటనవేలు.

దిగేటప్పుడు ఊరి చివర అమ్మవారి గుడి ఉంది. ఎర్ర గోడల చిన్న గుడి, పిల్లల్నిచ్చే తల్లి, పిల్లల్ని కాపాడే తల్లి. సివెన్ లోపలికి వెళ్దామంది. చంగ్‌హాయ్ ఇది ఆడవాళ్ళ గుడి, మీరు వెళ్ళి రండని లెలెని పక్కన నిలబెట్టుకుని, గడప బయటే ఫోన్ తీశాడు. వాడి చేతికి సంచులిద్దామనుకున్నాను, అప్పటికే రెండు చేతులతో ఏదో టైపు చేస్తున్నాడు. సరేనని నేనే మోసుకుంటూ గడప తొక్కకుండా దాటాను. లోపల పొగ, వరస, నెట్టుకోవడం. గుడి చూసుకునే ముసలావిడ ఒకతె దూది కోటు వేసుకుని, పెద్ద గొంతుతో, ఒక్కొక్కళ్ళకీ చెబుతోంది. పేరు చెప్పండి, పుట్టిన ఏడు ఏ జంతువుదో చెప్పండి, ఇంటి అడ్రసు బ్లాకూ అంతస్తుతో సహా చెప్పండి, ఆ తరవాత కోరిక చెప్పండి. సెలవల్లో ఇంతమంది వస్తుంటే ఏ కోరిక ఎవరిదో అమ్మవారికి ఎలా తెలుస్తుంది? కిందటేడు ఒకావిడ అడ్రసు చెప్పకుండా వెళ్ళిపోతే ఆవిడ అడిగిన పిల్లాడు పక్కింటావిడకి పుట్టాడట. వరసలో ఆడవాళ్ళు నవ్వారు, కానీ అందరూ అడ్రసు నెమరేసుకున్నారు. మేమంతా అంతే, దండం పెట్టేటప్పుడు అడ్రసు తప్పు పోకూడదు. గుర్తింపు కార్డు నంబరు కూడా చదివేవాళ్ళున్నారు.

సివెన్ మోకాళ్ళ మీద కూర్చుంది. సంచులతో నేను దాని వెనకే ఉన్నాను, వెనక జనం తోస్తుంటే దాని జడ నా మోకాలికి తగులుతోంది. ఒకరి మొక్కు ఇంకొకరు వినకూడదు. అయినా చెవులకి రెప్పలు లేవుగా. లు సివెన్ అని తన పేరు చెప్పుకుంది. పుట్టిన ఏడు చెప్పింది. తొంగ్‌జౌ, ఏడో బ్లాకు, మూడో వాకిలి, పదకొండో అంతస్తు. ఇక కడుపులో బిడ్డ గురించి అడుగుతుందనుకున్నాను.

"అమ్మా, మా అత్తగారు సున్ గుయ్‌చిన్ వెళ్ళిపోకుండా చూడు. ఆవిడ వెళ్తే నేను ఉద్యోగం మానెయ్యాలి. నువ్వు కొన్నాళ్ళు సెలవు పెట్టవా అని చంగ్‌హాయ్‌ని అడిగితే నవ్వాడు."

ఆరేళ్ళలో ఆ పిల్ల నోట నా పేరు వినడం అదే మొదటిసారి.  అప్పటిదాకా నాకు కోపం కోడలి మీదే ఎక్కువ ఉంది, నిజం ఒప్పుకోవాలి. కెమెరా దానిది, ఉప్పు దానిది, తొక్క దానిది. ఇప్పుడా వీపు చూస్తుంటే చొక్కా కింద ఎముకలు కనపడుతున్నాయి. దాని భయం నాకు బాగా తెలుసు. ఆ నవ్వు కూడా బాగా తెలుసు. మా మిల్లు దెబ్బతిన్నప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అక్కడే పనిచేస్తుంటే ఒకరు మానుకోవాలన్నారు. పని నాకే బాగా వచ్చు, మా షెడ్డులో అందరికీ తెలుసు. "నువ్వు మానరాదా?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. చిన్నపిల్లలు ఏదో ముద్దుగా అంటే నవ్వుతామే, అలా. మర్నాడు నేను వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. ఆ నవ్వు నా కొడుక్కి ఎలా వచ్చిందో తెలియదు, వాడికప్పుడు ఎనిమిదేళ్ళు, ఆ మూలే కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నాడు.

సివెన్ లేచింది. నన్ను చూసి, నేను విన్నానని గ్రహించి, మొహం ఎర్రబడిపోయింది. ఏమీ అనలేక నా భుజాన ఉన్న సంచి పట్టుకుంది, మొయ్యడానికో, పడిపోకుండా నిలబడడానికో. ఆ క్షణంలో నేను కరిగిపోయాను. ఉండిపోదామనుకున్నాను. వాడికోసం కాదు, ఈ పిల్ల కోసం. నేను వెళ్తే ఈ బరువు మా అబ్బాయి మీద పడదు, తిన్నగా దీని నెత్తిన పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, దానికి తెలుసు, అమ్మవారికీ తెలిసే ఉంటుంది. షూలాన్‌కి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నా వంతు వచ్చింది, వంగి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి.

"అమ్మా, అడ్రసు సరిగ్గా చెప్పు" అని వెనక నుంచి చంగ్‌హాయ్ గొంతు. ఎప్పుడొచ్చాడో లోపలికి, లెలెని వెంటబెట్టుకుని. ఆలస్యమవుతోందనో, రోడ్డు మీద రద్దీ పెరుగుతుందనో వచ్చి ఉంటాడు. నా చెవి దగ్గర వంగి నెమ్మదిగా, చిన్నపిల్లకి పద్యం అప్పజెప్పించినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "తొంగ్‌జౌ అను. ఏడో బ్లాకు. మూడో వాకిలి. మనమంతా ఎప్పటికీ ఒకే ఇంట్లో కలిసి ఉండాలని కోరుకో."

నా కోరిక కూడా వాడే చెబుతున్నాడు.

కళ్ళు మూసుకుని అమ్మవారి ఎదుట అలాగే ఉండిపోయాను. ముసలావిడ, "తొందరగా అమ్మా, పేరు, అడ్రసు" అంటోంది. తొంగ్‌జౌ ఇంట్లో నాకు ఒక మడత మంచం ఉంది, పగలు తలుపు వెనక నిలబెడతాను. ఊళ్ళో ఇల్లు మా ఆయన పేరున ఉంది, అంతకుముందు వాళ్ళ నాన్న పేరున. అమ్మవారు నిజంగా నా కోసం ఏదైనా పంపితే, ఆ రెండు ఇళ్ళలో ఏ ఇంటికి వచ్చినా తలుపు తీసి అందుకునేది ఇంకెవరో. నేను తీసినా "ఎవరికొచ్చింది?" అని లోపల్నుంచి కేకేస్తారు. ఈ వయసుకి నాకంటూ ఒక అడ్రసు లేకుండా ఎలా బతికానా అని నా మీద నాకే చిరాకేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ వెనక జనం తోస్తున్నారు, ఏడవడానికి తీరిక లేదు.

"పేరు సున్ గుయ్‌చిన్" అన్నాను, గట్టిగా. గుడంతా వినపడిందేమో, ముసలావిడ మాట ఆపింది. "పుట్టింది గుర్రం ఏట. ఉండేది శిన్‌శియాంగ్‌లో, పాత నూలు మిల్లు వెనక గేటు సందు, షూలాన్ టిఫిను కొట్టు, మేడ మీద గది. సెలవలైన మర్నాటి నుంచి అక్కడే ఉంటాను."

"అమ్మా, అదేం అడ్రసు? షూలాన్ ఎవరు?" చంగ్‌హాయ్ నా భుజం పట్టుకున్నాడు. "నాన్న అక్కడ లేడు కదా? ముందు లే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అవతల సివెన్‌కి..." అని టక్కున ఆగిపోయాడు, మూడు నెలలు నిండలేదుగా. "అవతల లెలె సంగతేంటి?" అన్నాడు.

లేద్దామనుకున్నాను. అలవాటు. వాడి చెయ్యి భుజం మీద పడగానే కాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

"చెప్పనీ" అంది సివెన్.

తల తిప్పి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు, అయినా మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుని నా భుజం మీంచి వాడి చేతిని లాగేసింది. "అమ్మ చెప్పడం అవలేదు. చెప్పనీ."

కోరిక చెప్పమంది ముసలావిడ. నేను మళ్ళీ అమ్మవారి వైపు తిరిగాను. ఈసారి గొంతు పెంచాల్సిన పనిలేకపోయింది, వరసంతా చెవులు రిక్కించింది.

"నాకేమీ వద్దు తల్లీ. ఇందాక ఈ పిల్ల నిన్ను అడిగింది విన్నాను. అది తీర్చాల్సింది నేను కాదు. హాన్ చంగ్‌హాయ్, తొంగ్‌జౌ, ఏడో బ్లాకు, మూడో వాకిలి, పదకొండో అంతస్తు. ఆ అడ్రసుకి పంపు."